ఉగాండాలో మంచినీళ్ల వాలంటీర్ ప్యాకేజీ: లక్షా ముప్పై వేలు పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు స్టార్లు. తిండీ పడకా రాకపోకలూ చూసుకున్న తీరుకి నాలుగు ఇవ్వొచ్చు. నీళ్ల పని పేరుతో మా చేత చేయించిన దానికి ఒకటిన్నర ఇవ్వడమే ఎక్కువ. ఒక మధ్యాహ్నం మాత్రం బోరింగు మెకానిక్ పక్కన నిలబడి పని చేశాం, దానికి ఐదుకి ఐదు. ఈ మూడూ ఒకే ప్యాకేజీలో ఎలా ఇమిడాయో చెప్పకపోతే రివ్యూకి అర్థం లేదు కాబట్టి కాస్త పొడుగవుతుంది. ఓపిక లేనివాళ్లు కింద డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలో రాసిన చోటికి దిగిపోండి.

కంపెనీ పేరు పెట్టట్లేదు. బెంగళూరులో ఇలాంటివి అమ్మేది వీళ్లొక్కరే కాదు, నేను వాకబు చేసిన మిగతా చోట్ల కూడా బ్రోచరు అచ్చం ఇలాగే ఉంది: పసుపు రంగు నీళ్ల క్యాను మోస్తున్న పిల్ల, పక్కన కంపెనీ టీషర్టులో నవ్వుతున్న మనవాళ్లు. విమానం టికెట్టు కాకుండా మనిషికి లక్షా ముప్పై వేలు. అందులో ఎంటెబ్బే ఎయిర్‌పోర్టు నుంచి పికప్, బుసోగా ప్రాంతంలో ఒక పల్లెకి దగ్గర్లో గెస్ట్‌హౌసు, మూడు పూటలా భోజనం, 'ప్రాజెక్టు కాంట్రిబ్యూషన్' అని కొంత, చివర్లో జింజాలో నైలు నది బయల్దేరే చోటు చూపించడం, అదీ ప్యాకేజీ. వీసా ఫీజు మనదే.

బుకింగ్ దగ్గర వంక పెట్టడానికేం లేదు. ఫోన్ ఎత్తిన అమ్మాయికి తెలుగు వచ్చు, అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోలేదు. ఎల్లో ఫీవర్ టీకా సంగతి మొదటి కాల్‌లోనే చెప్పింది. ఆ కార్డు లేకపోతే ఎంటెబ్బేలో లోపలికి రానివ్వరు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కూడా అడుగుతారు, పైగా టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత నుంచే అది చెల్లుతుంది, కాబట్టి ఆఖరి నిమిషంలో పరిగెత్తితే కుదరదు. ఒకసారి వేయించుకుంటే జన్మకి సరిపోతుంది. మలేరియా మాత్రల గురించి మాత్రం 'మీ డాక్టర్ని అడగండి' అని వదిలేశారు, అది నిజానికి సరైన సలహానే.

ఓరియెంటేషన్ అని ఒక ఆదివారం ఆఫీసుకి పిలిచారు. పైన మంచినీళ్ల మీద స్లైడ్లు నడుస్తుంటే కింద ట్యాంకరు హారన్ మోగిస్తోంది, వాచ్‌మన్ పైకొచ్చి ఎవరిదో బైకు అడ్డంగా ఉందని తీయించాడు. 2024 మార్చిలో ఇదే ఊళ్లో తాగే నీళ్లతో కారు కడిగితే ఐదు వేలు జరిమానా అని జలమండలి ప్రకటించింది, గుర్తుందిగా? మా అపార్టుమెంటు మారతహళ్లి దగ్గర, ఆ వేసవిలో బకెట్టు లెక్కన స్నానాలు చేశాం. ఇంట్లో ఇంత గోల పెట్టుకుని అంత దూరం ఎందుకే అని మా అమ్మ అడిగింది. అమ్మకి చెప్పిందే ఇక్కడా చెబుతా. మాది కదిరి వైపు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగిన తరం మాది. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకి నీళ్లిచ్చింది. ఆ పథకానికి విరాళాలు పంపినవాళ్లలో ఎంతమంది మా జిల్లా ముఖం చూసి ఉంటారు? ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన నీళ్ల విలువ మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఆ స్లైడ్ల దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. 'స్ఫూర్తి' అని పెట్టి ప్లేపంప్ బొమ్మ చూపించారు. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటుంటే ఆ తిప్పుడుకి బోరు నీళ్లు పైన ట్యాంకులోకి ఎక్కడం, అదీ ఐడియా. దక్షిణాఫ్రికాలో పుట్టింది, 2006లో అమెరికాలో పెద్ద పెద్దవాళ్లు వేదికెక్కి కోట్ల డాలర్లు ప్రకటించారు. ఒక్కోటి దాదాపు పద్నాలుగు వేల డాలర్లు. తీరా బిగించాక పిల్లలకి కాసేపట్లో మోజు తీరిపోయింది, నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లే నడుములు వంచి ఆ చక్రం తిప్పాల్సి వచ్చింది, పాడైతే బాగుచేసేవాళ్లు దొరకలేదు, 2010 నాటికి ఆ ప్రచారం చప్పబడిపోయింది. ఇది పదేళ్ల పైబడిన ముచ్చట, నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. నీళ్ల ట్రిప్పులు అమ్ముకునే కంపెనీ దీన్ని ఇంకా ఆదర్శంగా చూపిస్తుంటే ఏమనుకోవాలి? చెయ్యెత్తి అడిగా. తర్వాత మాట్లాడదాం మేడమ్ అని నీళ్లు నమిలారు.

మా బ్యాచ్‌లో ఎక్కువమంది బెంగళూరు తెలుగువాళ్లే. మా ఆఫీసు నుంచి నేనూ ఇంకో గుంటూరు అమ్మాయీ, వైట్‌ఫీల్డ్ నుంచి ఒక జంట, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ కుర్రాళ్లు, వాళ్లతో పాటు చిత్తూరు జిల్లాలో గ్రామీణ నీటి సరఫరాలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒక బాబాయ్ గారు. కూతురి దగ్గరికి వచ్చి ఊరికే కూర్చోలేక బయల్దేరారట. ఈ ట్రిప్పులో నేను నేర్చుకున్న దాంట్లో సగం ఆయన నోటి నుంచే. కంపెనీ వాళ్లు ఆయనకి జీతమిచ్చి పెట్టుకోవాలి అసలు.

వసతి గురించి రెండు ముక్కలు. గదులు శుభ్రం, దోమతెరలు చిరుగుల్లేకుండా ఉన్నాయి, కరెంటు పోతే సోలార్ లైట్లు. తిండి పోషో అని మొక్కజొన్న పిండి ముద్ద, చిక్కుడు గింజల కూర, అరటికాయ ఉడకబెట్టి మెదిపిన మటోకే. రాయలసీమవాళ్లకి సంగటి అలవాటే కాబట్టి నాకు ఏ ఇబ్బందీ లేదు, గుంటూరు అమ్మాయి మాత్రం ఆవకాయ సీసా కంచం పక్కనే పెట్టుకుంది. కోడిగుడ్డు అట్టుని చపాతీలో చుట్టిచ్చే రోలెక్స్ అనేది రోడ్డు పక్కన దొరికితే వదలొద్దు.

ఇక అసలు పని. ఊళ్లో ఒక బోరింగు ఉంది, దాని చుట్టూ చప్టా పగిలిపోయింది. మేం చేయాల్సింది పాత చప్టా పగలగొట్టి కొత్తది పోయడం, స్కూల్లో వాననీటి ట్యాంకుకి రంగులు వేసి బొమ్మలు గీయడం, పిల్లలకి చేతులు కడుక్కోవడం నేర్పడం. చేతులు కడుక్కోవడం ఆ పిల్లలకి మాకంటే బాగా వచ్చు, వాళ్ల టీచరు ఎప్పుడో పాట కట్టి నేర్పించింది. మేం వెళ్తే మర్యాదకి మళ్లీ నేర్చుకున్నారు పాపం.

చప్టా పని చూడండి. ఊరి మేస్త్రీలు ఇద్దరు చెట్టు కింద కూర్చుని ఉన్నారు, మేం ల్యాప్‌టాపు చేతులతో సిమెంటు కలుపుతున్నాం. వాళ్ల కూలీ వాళ్లకి ఇస్తున్నాం అని గైడు చెప్పాడు. ఇస్తే మరి పని కూడా వాళ్లనే చేయనివ్వొచ్చుగా, ఒక పూటలో తేలిపోయేది. బాబాయ్ గారు సాయంత్రం ఒక చెంబు నీళ్లు తెచ్చి చప్టా మీద పోశారు. నీళ్లు బయటి కాలువ వైపు పోకుండా మెల్లగా బోరు మొదలు వైపుకే చేరాయి. "వాలు తిరగబడిందమ్మా. ఇలా వదిలేస్తే పశువులు తొక్కిన మురికంతా కేసింగు పక్కనుంచి మళ్లీ బోరులోకే దిగుతుంది" అన్నారు. మర్నాడు మేస్త్రీలు సరిచేశారు. ఎవరూ ఏమీ అనలేదు, ఫోటోలు మాత్రం అంతకుముందే అయిపోయాయి.

అసలు విషయం ఏంటంటే ఆ బోరింగు పనిచేయట్లేదు. కొత్త చప్టా పోస్తున్నది నీళ్లు రాని పంపు చుట్టూ. ఇది బ్రోచరులోనూ లేదు, ఓరియెంటేషన్‌లోనూ చెప్పలేదు. అడిగితే పంపు రిపేరు 'తర్వాతి ఫేజు' అన్నారు.

తర్వాతి రోజు వాన కుండపోత. ట్యాంకుకి రంగులు వేసే కార్యక్రమం రద్దయింది. అదే రోజు ఆ పంపు చూడటానికి జిల్లా చేతిపంపు మెకానిక్కుల సంఘం నుంచి ఒకాయన వస్తున్నాడని ఊరివాళ్లు చెబితే, వేరే పనేం లేదు కాబట్టి మమ్మల్నీ పోనిచ్చారు. ఉగాండాలో ప్రతి జిల్లాకీ ఇలాంటి సంఘాలు పెట్టుకున్నారు. వాన తెరిపిచ్చాక బైకు మీద పానాల సంచీ కట్టుకుని వచ్చాడాయన.

బాబాయ్ గారు మొదటి రోజే పంపుని దూరం నుంచి గుర్తుపట్టి "ఇది మన మార్క్ టూ కదా!" అని మురిసిపోయారు. నిజమే. మన పల్లెల్లో వీధి చివర కనిపించే అదే ఇనప బోరింగు, ఇండియా మార్క్ టూ. మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్ వైపు చేసిన పంపుల్ని ఆధారం చేసుకుని, యూనిసెఫ్ సాయంతో 1970లలో తయారైంది. కోయంబత్తూరు చుట్టుపక్కల బోర్ల మీద 1976, 77లో పరీక్షించారు, మద్రాసులో రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసింది. దానికి ఐఎస్ 9301 అని ప్రమాణం కూడా రాశారు, నలభై సార్లు కొడితే పదిహేను లీటర్లు తగ్గకుండా రావాలి. పేటెంటు పెట్టుకుని కూర్చోలేదు కాబట్టి ప్రపంచమంతా పాకింది. ఉగాండాలో దాన్నే కొద్ది మార్పులతో యూ టూ అంటారు. ఇంత దూరం నుంచి వచ్చిన మా కంపెనీ గైడుకి ఇది మనదని తెలియదు.

పంపు తల విప్పి చైను పక్కన పెట్టాడు మెకానిక్. చైనుకీ బేరింగులకీ ఏం కాలేదు, గ్రీజు కూడా ఉంది. తర్వాత పైపులు పైకి లాగాలి. ఒక్కోటి మూడు మీటర్లు, ఇనుముకి జింకు పూత పూసినవి, లోపల రాడ్లు, అన్నిటికీ అడుగున సిలిండరు. మొత్తం బరువు ఒకేసారి లాగాలి, క్లాంపు బిగించి ఒక పైపు విప్పి మళ్లీ లాగాలి, చెయ్యి జారితే మొత్తం బోరులోకి పోతుంది. ఆ ట్రిప్పు మొత్తంలో మా కండలు నిజంగా పనికొచ్చింది అప్పుడే. హెచ్ఎస్ఆర్ కుర్రాళ్లు, మేస్త్రీలు, ఊరి మగవాళ్లు, మేమిద్దరం, అందరం ఒక్కసారి 'హైలెస్సా' అంటూ లాగాం, మా కేక విని అక్కడివాళ్లు నవ్వి వాళ్ల పాటేదో ఎత్తుకున్నారు. మొదటి పైపులు బానే ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ రంగు మారింది, నీళ్లలో మునిగి ఉన్న పైపులు బయటికొచ్చేసరికి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఒకదాన్ని ఆయన ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంటే సూది మొన అంత బెజ్జాల్లోంచి వెలుతురు కనిపించింది. చేతికి అంటిన తుప్పు సబ్బు పెట్టి రుద్దినా రాత్రి దాకా వదల్లేదు.

కారణం ఆయనే చెప్పాడు, బాబాయ్ గారు తెలుగులో విడమరిచారు. అక్కడి భూగర్భ జలాల్లో చాలాచోట్ల పులుపు ఎక్కువ, అంటే ఆమ్ల గుణం. ముందు జింకు పూతని తింటుంది, తర్వాత ఇనుముని. నీళ్లు ఎర్రగా వస్తాయి, తుప్పు వాసన, బట్టలకి మరకలు, వంట రంగు మారిపోతుంది. ఉగాండా ప్రభుత్వం 2016లోనే జింకు పూత పైపులు వాడొద్దని చెప్పింది. స్టెయిన్‌లెస్ స్టీలువో ప్లాస్టిక్‌వో వేయాలి. కానీ అంతకుముందు దించినవి నేలలో అలాగే ఉన్నాయిగా.

అక్కడే ఊరి నీళ్ల కమిటీ కోశాధికారి ఒక పుస్తకం తీసింది. నలభై పేజీల స్కూలు నోటుబుక్కు, పాలిథీన్ కవరు చుట్టి దాచుకుంది. ఇంటికి నెలకి వెయ్యి షిల్లింగులు, మన డబ్బుల్లో ఇరవై రూపాయల పైచిలుకు. మొదట్లో పేజీ నిండా టిక్కులే. తర్వాత తర్వాత ఖాళీలు. ఎర్ర నీళ్లకి మేమెందుకు డబ్బులివ్వాలి అని ఒక్కో ఇల్లూ మానేసింది. డబ్బులు లేక రిపేరు లేదు, రిపేరు లేక నీళ్లు ఇంకా ఎర్రన, నీళ్లు ఎర్రగా వస్తున్నాయని కట్టే ఆ నలుగురూ మానేశారు. చివరికి పంపు మూలన పడింది, అందరూ మళ్లీ చెలమకి పోతున్నారు. ఆమెకి ఏం కావాలో స్పష్టంగా తెలుసు: స్టీలు పైపుల సెట్టు ఒకటి, వాషర్లు, మెకానిక్ కూలీ. చప్టా అడగలేదు. రంగులు అసలే అడగలేదు. మీ కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు ఇది చూపించావా అని అడిగితే, చూపించానంది.

మన దగ్గర మాత్రం వేరేనా? మా ఊరి నీళ్ల పథకంలో కూడా పని చేసేవాళ్లకి జీతాలు ఆగి సమ్మె చేస్తే నీళ్లు ఆగిన రోజులున్నాయి. వేసేటప్పుడు కొబ్బరికాయ కొట్టడానికి వందమంది వస్తారు, వాషరు మార్చడానికి ఎవరి దగ్గరా పద్దు ఉండదు. సహారాకి దిగువన ఉన్న దేశాల్లో ఏ రోజు లెక్క తీసినా చేతిపంపుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పాడై ఉంటాయని అధ్యయనాలు చెబుతున్నాయి. ఉగాండాలో ఒక బోరింగు మీద మూడు వందల మంది ఆధారపడతారని లెక్క వేసుకుంటారు, అంటే ఒక్క పంపు ఆగితే ఎంతమంది చెలమ దారి పడతారో చూసుకోండి.

ఇంకో మంచి పని కూడా ఉంది, దాన్ని తీసేయకూడదు. నీళ్ల పరీక్ష సీసాలు తెచ్చారు. మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. చవక, కరెంటు అక్కర్లేదు. ఈ పద్ధతి కూడా మనవాళ్లదే, 1982లో మన దేశపు శాస్త్రవేత్తలు ప్రచురించారు. పక్క ఊళ్లో పనిచేస్తున్న బోరింగు నీళ్లు పట్టి పెడితే సీసా తేటగా ఉంది. అదే నీళ్లు మోసుకెళ్లి ఇంట్లో కుండలో పోసుకున్నవి పరీక్షిస్తే చాలావరకు నల్లబడ్డాయి. క్యాను మూత లేకపోవడం, కుండలో చెయ్యి ముంచి లోటాతో తీయడం, అంతే తేడా. ఆ ఇళ్లవాళ్లు సీసాలు పక్కపక్కన చూసి మాతో ఒక్క మాట చెప్పించుకోకుండానే మూతల కోసం వెతుక్కున్నారు. సిమెంటు మూటలు తగ్గించి ఈ సీసాలు నాలుగు పెట్టెలు ఎక్కువ తెస్తే ఎంత బాగుండేది! మేం తెచ్చినవి మూడో రోజుకే అయిపోయాయి.

జింజా రోజు హాయిగా గడిచింది. విక్టోరియా సరస్సు నుంచి నైలు బయల్దేరే చోట 1948లో గాంధీ గారి చితాభస్మం కొంత కలిపారు, అక్కడ ఆయన విగ్రహం ఉంది. పడవ వాడు మనవాళ్లని చూడగానే రేటు పెంచుతాడు, బేరం ఆడండి.

ఇప్పుడు డబ్బు కట్టే ముందు అడగాల్సినవి. 'ప్రాజెక్టు కాంట్రిబ్యూషన్' కింద ఎంత, అందులో ఊరికి చేరేది ఎంత, దేనికి ఖర్చు పెట్టారో రసీదులు చూపిస్తారా అని అడగండి. మేం అడిగితే మూడు వారాలకి ఒక పేజీ వచ్చింది. సిమెంటు, ఇటుకలు, రంగులు, కంపెనీ పేరున్న బోర్డు, టీషర్టులు. పంపు విడిభాగాలు అనే గడి లేదు. ఆ ఊరికి ఏం కావాలో ఎవరు తేల్చారు, కమిటీని కూర్చోబెట్టి రాయించారా లేక బెంగళూరులోనే తేల్చేశారా అనేది రెండోది. పాత బ్యాచ్‌లు పని చేసిన చోట ఇప్పుడు నీళ్లు వస్తున్నాయా, ఒక వీడియో పంపండి అని అడగండి, ప్రారంభోత్సవం నాటిది కాదు, ఈ నెలది. రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందో కూడా మెయిల్లో రాయించుకోండి. మా వాళ్లు నెల ముందు చెబితే సగం అన్నారు, ఒకాయనకి నిజంగానే సగం ఇచ్చారు, ఆ విషయంలో మాట తప్పలేదు.

ఎవరు వెళ్లొచ్చు? మెకానికల్, సివిల్, నీళ్ల పరీక్షలు, అకౌంట్లు, ఇందులో ఏదో ఒకటి చేత్తో చేయగలిగినవాళ్లకి అక్కడ పని ఉంది. కొత్త దేశం చూసి, మంచి మనుషుల మధ్య నాలుగు రోజులుండి రావాలనుకునేవాళ్లు కూడా వెళ్లండి, తప్పేం లేదు, కాకపోతే దాన్ని టూరు అనుకుని వెళ్లండి. 'నా చేతులతో ఊరికి నీళ్లిచ్చి వచ్చా' అని ఇన్‌స్టాలో పెట్టుకోవాలనుకుంటే ఆ లక్షా ముప్పై వేలల్లో విడిభాగాలకి ఎంత పోయిందో ముందు చూసుకోండి. కాలేజీ పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులకి: భద్రత బానే ఉంది, ఆడపిల్లలకి విడి గదులు, రాత్రి కాపలా, గైడు ఫోన్ ఎప్పుడు చేసినా ఎత్తేవాడు.

స్టీలు పైపుల విషయం ఏమైందని అడుగుతారు కాబట్టి చెబుతున్నా. మా బ్యాచ్‌లో కొందరం తలా కొంత వేసుకున్నాం, మెకానిక్ సంఘం రసీదు ఇచ్చింది, పైపులు దించాక కోశాధికారి వీడియో పంపింది, నీళ్లు తేటగా వస్తున్నాయి. ఇది కంపెనీ ద్వారా జరగలేదు, కుదురుతుందా అని అడిగితే వాలంటీర్లు లేకుండా డబ్బులు మాత్రమే పంపడం మా పాలసీలో లేదు అన్నారు. వచ్చే బ్యాచ్ నుంచైనా మెకానిక్‌తో ఒక పూట పెట్టండి, సిమెంటు పద్దులో సగం విడిభాగాలకి మార్చండి అని పొడుగాటి మెయిల్ రాశాం, బాబాయ్ గారు అంచనా పట్టీ కూడా వేసిచ్చారు. చాలా మంచి సలహాలు, తప్పకుండా పరిశీలిస్తాం అని జవాబు వచ్చింది.

కొత్త బ్యాచ్ షెడ్యూలు నిన్న వాట్సాప్‌లో పెట్టారు. ట్యాంకుకి రంగులు వేయడం ఒక పూట నుంచి రెండు పూటలైంది. మెకానిక్ లేడు.